వేగం, దూరం లెక్కల్లో ‘కనీసం’, ‘మించకుండా’ అని వస్తే ఎలా సాధించాలి?

నల్లగొండ నుంచి హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. ఉదయం ఆరున్నరకు బస్సు బయలుదేరింది. ఎనిమిదిన్నరకల్లా చేరాలి. దారిలో చౌటుప్పల్ దగ్గర టీ కోసం 20 నిమిషాలు ఆగుతుంది. కదులుతున్నంతసేపూ అది కనీసం ఎంత వేగంతో పోవాలి?

ఈ లెక్క ఇస్తే చాలామంది వందను రెండుతో భాగించి 50 అనేస్తారు. ఆగిన 20 నిమిషాలు మరిచిపోని వాళ్లు 60 దాకా వస్తారు. వాళ్లలోనూ కొందరు ‘60 లేదా అంతకంటే తక్కువ’ అనే ఆప్షన్‌కు టిక్కు పెట్టి వస్తారు. దూరం = వేగం × సమయం అన్న సూత్రం బడి పిల్లలకు కూడా వచ్చు. మార్కులు పోయేది సూత్రం దగ్గర కాదు, గుర్తు దగ్గర. ≤ పెట్టాలా, ≥ పెట్టాలా, సరిహద్దు విలువను కలుపుకోవాలా వద్దా అన్నవి పెన్ను కదిలించే ముందే తేల్చుకోవాలి. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క అలవాటు చుట్టూనే ఉంటుంది.

ఇలాంటి ప్రశ్నలు ఒక్కో పరీక్షలో ఒక్కో వేషంలో వస్తాయి. అమెరికా డిగ్రీ ప్రవేశాలకు రాసే శాట్‌లో మాటల లెక్కగా వచ్చి, దానికి సరిపోయే అసమీకరణం (≤, ≥ లాంటి గుర్తుతో రాసే షరతు) ఏదో గుర్తించమంటారు. విదేశాల్లో పీజీ ప్రవేశాలకు రాసే జీఆర్‌ఈలో రెండు రాశులు ఇచ్చి ఏది పెద్దదో చెప్పమంటారు. ఎంబీఏ లాంటి కోర్సుల ప్రవేశానికి రాసే జీమ్యాట్‌లోనూ, మన ఐసెట్‌లోనూ దత్తాంశ పర్యాప్తత రూపంలో ‘ఈ సమాచారం చాలుతుందా’ అని అడుగుతారు. 2025లో తెలంగాణ ఐసెట్‌ను నిర్వహించింది మన నల్లగొండ మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయమే. అందులో 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు చేయాలి, అంటే ప్రశ్నకు 45 సెకన్లు. రైల్వే ఉద్యోగాల ఎన్‌టీపీసీ పరీక్ష మొదటి దశలో 90 నిమిషాలకు 100 ప్రశ్నలు, పైగా తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత. ఇంత తక్కువ టైములో గుర్తు గురించి మళ్లీ మళ్లీ ఆలోచిస్తూ కూర్చోలేం. అది చేతికి అలవాటై ఉండాలి.

ఇక్కడి నుంచి వేగాన్ని వ, సమయాన్ని స, దూరాన్ని ద అని రాస్తాను. విడిగా చెప్పకపోతే వేగం గంటకు కిలోమీటర్లలో, సమయం గంటల్లో ఉన్నట్టు.

మొదటి అడుగు: హద్దు దేని మీద పెట్టారో చూడండి

ప్రశ్న చదవగానే సంఖ్యల వెంట పడకండి. మూడింటిలో ఏ రాశికి హద్దు గీశారో వెతకండి. ‘ఎనిమిదిన్నరకల్లా చేరాలి’ అన్నప్పుడు హద్దు సమయం మీద ఉంది. ‘60 దాటకూడదు’ అంటే వేగం మీద. ‘పెట్రోలు 200 కిలోమీటర్లకే సరిపోతుంది’ అంటే దూరం మీద.

తర్వాత ఆ మాటకు గుర్తు. కనీసం, తక్కువ కాకుండా అంటే ≥. గరిష్ఠంగా, మించకుండా, కల్లా అంటే ≤. కంటే ఎక్కువ, కంటే తక్కువ, ముందే అన్నప్పుడు సమానం రాదు, ఉత్త > లేదా < మాత్రమే.

ఇంగ్లిష్ పేపర్ రాసేవాళ్లు ‘నో లెస్ దెన్’, ‘నో మోర్ దెన్’ దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. తెలుగు మీడియంలో చదివి శాట్, జీఆర్‌ఈ వైపు వెళ్లే పిల్లలు ‘లెస్’ కనబడగానే < పెట్టేస్తారు. ‘నో లెస్ దెన్ 50’ అంటే 50కి తగ్గకూడదని, అంటే ≥ 50. ‘నో మోర్ దెన్ 50’ అంటే ≤ 50. ‘అట్ లీస్ట్’ ≥, ‘అట్ మోస్ట్’ ≤. ఈ నాలుగింటినీ కాగితం మీద రాసి, చదువుకునే చోట గోడకు అంటించుకోండి. వారంలో అవే నోటికి వస్తాయి.

రెండో అడుగు: గుర్తు తిరుగుతుందా, తిరగదా?

అసలు కీలకం ఇక్కడే ఉంది. దూరం మారనప్పుడు వేగం పెరిగితే సమయం తగ్గుతుంది. అందుకే సమయం మీద ఉన్న ‘≤’ వేగం దగ్గరికి వచ్చేసరికి ‘≥’ అవుతుంది. వంద కిలోమీటర్లు ఆగకుండా పోయేటప్పుడు రెండు గంటలకు మించకూడదు అంటే వేగం 50కి తగ్గకూడదు అని అర్థం. రెండూ ఒకే షరతు, గుర్తులు మాత్రం ఎదురెదురు.

గణితపరంగా చూస్తే ఇది విలోమాల సంగతి. 4 చిన్నది, 5 పెద్దది. కానీ 1/4 పెద్దది, 1/5 చిన్నది. రెండు వైపులా ధన సంఖ్యలే ఉన్నప్పుడు తలకిందులు చేస్తే గుర్తు తిరుగుతుంది. వేగం, సమయం ఎప్పుడూ ధనాత్మకమే కాబట్టి ఇక్కడ ఈ నియమం నిశ్చింతగా వాడొచ్చు.

దూరం విషయంలో తిరగదు. వేగం స్థిరంగా ఉంటే ఎక్కువ సమయంలో ఎక్కువ దూరం. సమయం స్థిరంగా ఉంటే ఎక్కువ వేగంతో ఎక్కువ దూరం. అంటే సమయం, వేగం మధ్య అటూ ఇటూ వెళ్లేటప్పుడు మాత్రమే గుర్తు తిరుగుతుంది. దూరం ఒక వైపున ఉంటే తిరగదు.

మూడో అడుగు: గడియారాన్ని శుభ్రం చేసుకోండి

ఆగిన సమయం, ఆలస్యంగా బయలుదేరిన సమయం ముందే తీసేయండి. నిమిషాలను గంటల్లో భిన్నాలుగా మార్చండి. 12 నిమిషాలు 1/5, 15 అంటే 1/4, 20 అంటే 1/3, 36 అంటే 3/5, 40 అంటే 2/3, 48 అంటే 4/5. రెండు గంటల 15 నిమిషాలను 2.15 అని రాసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అది 2.25.

మీటర్లు, సెకన్లు వస్తే గంటకు కిలోమీటర్లను 5/18తో గుణించాలి, వెనక్కి రావాలంటే 18/5తో. ధన సంఖ్యతో గుణిస్తున్నాం కాబట్టి గుర్తు మారదు. ఉదాహరణకు 240 మీటర్ల రైలు 360 మీటర్ల ప్లాట్‌ఫారాన్ని 30 సెకన్లలోపు దాటాలంటే, 600 మీటర్లకు గరిష్ఠంగా 30 సెకన్లు. సెకనుకు కనీసం 20 మీటర్లు, అంటే గంటకు కనీసం 72 కిలోమీటర్లు. రైలు లెక్కల్లో ఇంతకుమించి కొత్త విషయం లేదు.

నాలుగో అడుగు: హద్దు విలువ కనుక్కుని, ఒక సంఖ్య పెట్టి చూడండి

మొదట ‘సరిగ్గా అంతే’ అనుకుని సమీకరణంగా సాధించండి. అది హద్దు విలువ. తర్వాత హద్దుకు ఒక పక్కన ఉన్న తేలికైన సంఖ్యను పెట్టి, షరతు నిలబడుతుందో లేదో చూడండి. మొదట్లో ఇచ్చిన బస్సు లెక్కకు రఫ్ పేపర్ మీద ఇలా రాస్తే చాలు:

హద్దు: మొత్తం స ≤ 2, ఆగినది 1/3, కాబట్టి నడిచే స ≤ 5/3
అడిగింది: వ. గుర్తు తిరుగుతుంది. వ ≥ ?
హద్దు విలువ: 100 ÷ (5/3) = 60
సరిచూపు: 75తో పోతే 1 గం. 20 ని., ఆగిన 20 నిమిషాలు కలిపి 1 గం. 40 ని. రెండు గంటల లోపే. సరిపోయింది.

జవాబు వ ≥ 60. నాలుగు వరుసలు, అరనిమిషం. చివరి వరుస వదిలేయాలని మనసు లాగుతుంది. వదలకండి. మొదటి మూడింటిలో గుర్తు ఎక్కడ తప్పినా పట్టించేది అదొక్కటే.

పూర్ణ సంఖ్య అడిగినప్పుడు

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారి అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఆ అడవిలోకి వాహనాలను వదలరు. మన్ననూరు చెక్‌పోస్టుకు 9 లోపు చేరకపోతే రాత్రంతా అక్కడే. అసమీకరణం నిజంగా ఎలా పనిచేస్తుందో చూపడానికి ఇంతకంటే మంచి చోటు నాకు కనబడదు.

లెక్క కోసం చెక్‌పోస్టు దాకా 140 కిలోమీటర్లు అనుకుందాం. కారు సాయంత్రం 6:15కు బయలుదేరింది. సిటీ ట్రాఫిక్‌లో మొదటి 60 కిలోమీటర్లకే గంటంబావు పట్టింది. మిగిలిన దారిలో సరాసరి వేగం కనీసం ఎంత ఉండాలి? జవాబు పూర్ణ సంఖ్యలో కావాలి. ఆప్షన్లు 50, 53, 54, 60.

గంటంబావు పోయాక టైము 7:30. మిగిలింది 80 కిలోమీటర్లు, గంటన్నర. హద్దు విలువ 80 ÷ 1.5 = 53.33. ఇక్కడ చేయి అలవాటుగా దగ్గరి పూర్ణ సంఖ్య 53 వైపు పోతుంది. 53తో పోతే 80 కిలోమీటర్లకు 90 నిమిషాల 34 సెకన్లు పడుతుంది. గేటు పడిపోయి ఉంటుంది. జవాబు 54.

కనీసం అడిగితే పైకి సవరించాలి, గరిష్ఠం అడిగితే కిందికి. దశాంశం .1 అయినా .9 అయినా సరే, ‘సగం దాటితే పైకి’ అన్న బడి నియమం ఇక్కడ చెల్లదు.

వెంబడించే లెక్కలు, వాటిలో దాగిన షరతు

అక్క హాల్‌టికెట్ ఇంట్లో మరిచిపోయి 6 గంటలకు నల్లగొండలో దేవరకొండ బస్సు ఎక్కింది. బస్సు వేగం 40. దూరం 60 కిలోమీటర్లు అనుకుందాం. తమ్ముడు 6:30కు బైకు మీద బయలుదేరాడు. బస్సు దేవరకొండ చేరకముందే దాన్ని అందుకోవాలంటే అతని వేగం ఎంత ఉండాలి?

సాపేక్ష వేగంతో చేయొచ్చు. ఆ అరగంటలో బస్సు 20 కిలోమీటర్లు ముందుకు పోయింది, తేడా వేగం వ − 40, ఇలా. కానీ హద్దుతో ఆలోచిస్తే ఇంకా సులువు. బస్సు 7:30కు చేరుతుంది. తమ్ముడి దగ్గర ఒక గంట ఉంది. గంటలో 60 కిలోమీటర్లు పోతే ఇద్దరూ ఒకేసారి చేరతారు. ‘చేరకముందే’ అన్నారు కాబట్టి వ > 60. ఆప్షన్లలో ‘≥ 60’ కూడా ఉంటుంది, చూసి వదిలేయండి.

సాపేక్ష వేగం తప్పనిసరిగా వాడాల్సి వచ్చినప్పుడు మాత్రం ఒక షరతు ముందుగా రాసుకోవాలి. సూర్యాపేట వైపు ఒక లారీ 40 వేగంతో పోతోంది. కారు దాని వెనక 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. రెండు గంటల్లోపు అందుకోవాలి. అసమీకరణం 30/(వ − 40) ≤ 2. ఇక్కడ వ > 40 అని మొదటే రాసుకుంటే, వ − 40 ధనాత్మకం. అడ్డంగా గుణించి 30 ≤ 2వ − 80, అంటే వ ≥ 55 అని తేలుతుంది.

ఆ షరతు రాసుకోకపోతే ఏమవుతుందో చూడండి. వ = 35 పెట్టండి. 30/(−5) = −6. అది 2 కంటే చిన్నదే కాబట్టి అసమీకరణం నిజమైపోయింది! లారీ కంటే నెమ్మదిగా పోయే కారు దాన్ని ఎన్నటికీ అందుకోదు, అయినా బీజగణితం సరే అంటోంది. శాట్ డిజిటల్ పరీక్షలో స్క్రీన్ మీదే డెస్మోస్ కాలిక్యులేటర్ ఉంటుంది. అందులో ఈ అసమీకరణం టైపు చేస్తే 40కి ఎడమవైపంతా ఒక పట్టీ, 55 నుంచి కుడివైపంతా ఇంకో పట్టీ రంగు నిండి కనబడతాయి. ఎడమ పట్టీ రుణాత్మక సమయానిది. యంత్రానికి లారీ సంగతి తెలియదు, మీకు తెలుసు. ఆ పట్టీని మీరే కొట్టేయాలి.

వేగాల తేడా హారంలో ఎక్కడ కనబడినా ఇదే సూత్రం. గుణించే ముందు అది ధనాత్మకమేనా అని అడగండి.

సరాసరి వేగం: ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం

మిర్యాలగూడ రైసుమిల్లు నుంచి బియ్యం బస్తాలతో లారీ 120 కిలోమీటర్ల దూరంలోని ఊరికి 40 వేగంతో పోయింది. ఖాళీగా అదే దారిన తిరిగొస్తోంది. మొత్తం ప్రయాణంలో సరాసరి వేగం కనీసం 48 ఉండాలంటే, వచ్చేటప్పుడు వేగం ఎంత ఉండాలి?

40కి, ఇంకో సంఖ్యకు సగటు 48 రావాలి కాబట్టి 56 అని ఒక జవాబు తోస్తుంది. ఆప్షన్లలో 56 కచ్చితంగా పెడతారు. అది తప్పు. సరాసరి వేగం అంటే మొత్తం దూరాన్ని మొత్తం సమయంతో భాగించడం. వేగాల సగటు కాదు.

సమయంతో ఆలోచించండి. మొత్తం 240 కిలోమీటర్లు. సరాసరి కనీసం 48 అంటే మొత్తం సమయం గరిష్ఠంగా 5 గంటలు. పోయేటప్పుడే 3 గంటలు అయిపోయాయి. మిగిలినవి 2 గంటలు. 120 కిలోమీటర్లు 2 గంటల్లో అంటే వ ≥ 60.

ఇప్పుడు షరతును కొంచెం బిగిద్దాం. సరాసరి కనీసం 60 కావాలంటే? మొత్తం సమయం 4 గంటలు, మిగిలేది ఒకటే గంట, వ ≥ 120. సరాసరి 80 కావాలంటే? 240 కిలోమీటర్లకు 3 గంటలే ఉంటాయి, ఆ మూడూ పోయేటప్పుడే అయిపోయాయి. విమానం ఎక్కినా కుదరదు.

48కి 60, 60కి 120, 80కి అసాధ్యం. ఈ వరుసను కాగితం మీద ఒకసారి స్వయంగా చేసి చూస్తే మళ్లీ మరిచిపోరు. ఒక వైపు వేగం 40 అయితే, రాకపోకల మొత్తం సరాసరి ఎప్పటికీ 80 కంటే తక్కువే. సాధారణంగా చెప్పాలంటే, సమాన దూరాలు ఉన్నప్పుడు సరాసరి వేగం రెండింటిలో చిన్న వేగానికి రెట్టింపును చేరదు. ‘సరాసరి ఎంత ఉండే అవకాశం లేదు’ అని అడిగే ప్రశ్నల్లో ఈ ఒక్క వాక్యంతో జవాబు వచ్చేస్తుంది, లెక్క చేయనక్కర్లేదు.

దీనికి జీఆర్‌ఈ రూపం ఇలా ఉంటుంది. మొదటి రాశి: సగం దూరం 40తో, సగం దూరం 60తో పోతే సరాసరి వేగం. రెండో రాశి: సగం సమయం 40తో, సగం సమయం 60తో పోతే సరాసరి వేగం. రెండోది మామూలు సగటు, 50. మొదటిదానికి 120 కిలోమీటర్లు తీసుకోండి. 60కి గంటన్నర, ఇంకో 60కి గంట, మొత్తం రెండున్నర గంటలు, సరాసరి 48. రెండో రాశి పెద్దది. సంఖ్యలు మార్చినా ఇంతే. సగం దూరం లెక్కన పోతే నెమ్మదిగా పోయే భాగానికి ఎక్కువ సమయం పడుతుంది, అదే సరాసరిని కిందికి లాగుతుంది. రెండు వేగాలూ సమానమైతే మాత్రమే రెండు రాశులూ సమానం. వేగాలను అక్షరాల్లో ఇచ్చి, అవి వేరువేరని చెప్పకపోతే జవాబు ‘తేల్చలేం’ అవుతుంది. అది గమనించండి.

రెండు వైపులా హద్దులు ఉంటే

180 కిలోమీటర్ల దూరం, వేగం 45 నుంచి 60 మధ్య. సమయం? 180/60 = 3, 180/45 = 4. కాబట్టి 3 ≤ స ≤ 4. చిన్న వేగం పెద్ద సమయాన్ని ఇచ్చింది కాబట్టి చివరలు తారుమారయ్యాయి.

దూరానికి కూడా హద్దులు ఇస్తే చాలామంది తడబడతారు. దూరం 150 నుంచి 180, వేగం 45 నుంచి 60. చిన్నదాన్ని చిన్నదానితో, పెద్దదాన్ని పెద్దదానితో భాగిస్తే 3.33, 3 వస్తాయి. తలాతోకా లేని జవాబు. సమయం అతి తక్కువ కావాలంటే దూరం తక్కువ ఉండాలి, వేగం ఎక్కువ ఉండాలి: 150/60 = 2.5. అతి ఎక్కువ కావాలంటే దూరం ఎక్కువ, వేగం తక్కువ: 180/45 = 4. భాగహారంలో అడ్డంగా జత కట్టాలి. గుణకారంలో మాత్రం నేరుగానే: తక్కువకు తక్కువ, ఎక్కువకు ఎక్కువ.

దూరం నేరుగా ఇవ్వకుండా దాచి అడిగే ప్రశ్న ఒకటుంది, నాకు చాలా ఇష్టమైనది. మొదటి ఊరి నుంచి రెండో ఊరికి 60 కిలోమీటర్లు, రెండో ఊరి నుంచి మూడో ఊరికి 40, అన్నీ నేరు దారులు. మొదటి ఊరి నుంచి మూడో ఊరికి నేరుగా 40 వేగంతో పోతే ఎంత సమయం పట్టొచ్చు? మూడు ఊర్లు ఒకే గీత మీద ఉన్నాయని ఎవరూ చెప్పలేదు. త్రిభుజ అసమానత ప్రకారం ఆ దూరం 60 − 40 = 20 కంటే తగ్గదు, 60 + 40 = 100 కంటే పెరగదు. సమయం అరగంట నుంచి రెండున్నర గంటల దాకా. ‘100 కిలోమీటర్లు, రెండున్నర గంటలు’ అని ఒకే సంఖ్య చెప్పేవాళ్లు బొమ్మ గీయని వాళ్లు.

వర్గ అసమీకరణం వచ్చినప్పుడు

120 కిలోమీటర్ల ప్రయాణం. వేగం 10 పెంచితే కనీసం ఒక గంట ఆదా అవుతుంది. మొదటి వేగం ఎంత ఉండొచ్చు?

120/వ − 120/(వ + 10) ≥ 1. హారాలు రెండూ ధనాత్మకం కాబట్టి ధైర్యంగా గుణించండి: 1200 ≥ వ(వ + 10). అంటే వ² + 10వ − 1200 ≤ 0, (వ + 40)(వ − 30) ≤ 0. వేగం ధనాత్మకం కాబట్టి 0 < వ ≤ 30.

జవాబు ‘≤’ అని రావడం చూసి కొందరు అనుమానపడి గుర్తు తిప్పేస్తారు. తిప్పకండి. 30తో 4 గంటలు, 40తో 3 గంటలు, సరిగ్గా గంట ఆదా. అదే 40ని 50 చేస్తే 3 గంటలు 2 గంటల 24 నిమిషాలవుతుంది, ఆదా 36 నిమిషాలే. నెమ్మదిగా పోయే బండికే పది కిలోమీటర్ల పెంపు ఎక్కువ కలిసొస్తుంది.

పడవ లెక్కల్లో కూడా వర్గమే వస్తుంది, కానీ అక్కడ ఆప్షన్లతో పని తొందరగా అవుతుంది. సోమశిల దగ్గర కృష్ణలో ఒక పడవ ప్రవాహానికి ఎదురుగా 24 కిలోమీటర్లు పోయి తిరిగి రావాలి. ప్రవాహ వేగం 2 అనుకుందాం. మొత్తం 5 గంటలు మించకూడదు. నిశ్చల నీటిలో పడవ వేగం కనీసం ఎంత? ఆప్షన్లు 8, 9, 10, 12.

కనీసం అడిగారు కాబట్టి చిన్న ఆప్షన్ నుంచి మొదలుపెట్టాలి. 8 పెడితే 24/6 + 24/10 = 6.4. చాలదు. 9 పెడితే 24/7 + 24/11, సుమారు 5.6. చాలదు. 10 పెడితే 24/8 + 24/12 = 3 + 2 = 5. అయిపోయింది. 12 కూడా షరతుకు సరిపోతుంది, కానీ అది కనీసం కాదు. గరిష్ఠం అడిగితే ఇదే పని పెద్ద ఆప్షన్ నుంచి.

రైల్వే, ఐసెట్ లాంటి పరీక్షల్లో ఈ దారే మంచిదని నా అభిప్రాయం. శాట్‌లో కొన్ని ప్రశ్నలకు ఆప్షన్లే ఉండవు, జవాబు మనమే టైపు చేయాలి. అందుకే బీజగణితం కూడా చేతిలో ఉండాలి.

దత్తాంశ పర్యాప్తత: జవాబు కాదు, నమ్మకం కావాలి

ప్రశ్న: బస్సు సరాసరి వేగం 50 కంటే ఎక్కువా?
మొదటి వాక్యం: అది 130 కిలోమీటర్ల కంటే ఎక్కువ దూరం పోయింది.
రెండో వాక్యం: ప్రయాణానికి రెండున్నర గంటల కంటే తక్కువ పట్టింది.

ఏ ఒక్కటీ చాలదు. రెండూ కలిపితే? అతి నెమ్మదైన పరిస్థితి ఊహించుకోండి: దూరం 130 దగ్గర, సమయం 2.5 దగ్గర. అప్పుడు కూడా వేగం 52 పైనే. 50 కంటే ఎక్కువ అని కచ్చితంగా చెప్పొచ్చు. రెండూ కలిపితే చాలు.

రెండో వాక్యంలో ‘రెండుంముప్పావు గంటల కంటే తక్కువ’ అని మార్చండి. 130/2.75 = 47.3. ఇప్పుడు వేగం 48 కావచ్చు, 70 కూడా కావచ్చు. రెండూ కలిపినా చాలదు. వాక్యాల తీరు ఒకటే, సంఖ్య మారగానే జవాబు మారిపోయింది. అందుకే ఈ ప్రశ్నల్లో వాక్యాల వాలకం చూసి టిక్కు పెట్టకూడదు. ఎప్పుడూ అతి చెడ్డ పరిస్థితిని లెక్కగట్టి, అది ప్రశ్నలోని హద్దుకు ఏ వైపు పడుతుందో చూడాలి.

చేసి చూడటానికి అయిదు లెక్కలు

జవాబు కప్పేసి ఒక్కొక్కటీ చేయండి. ప్రతిదానికీ సరిచూపు వరుస రాయండి.

1. 150 కిలోమీటర్లు. 5:40కు బయలుదేరి 8:30కల్లా చేరాలి. దారిలో మొత్తం 20 నిమిషాలు ఆగాలి. నడిచే వేగం? నడిచే సమయం గరిష్ఠంగా రెండున్నర గంటలు కాబట్టి వ ≥ 60.

2. మొదటి 30 కిలోమీటర్లు 30 వేగంతో. మిగిలింది 90. మొత్తం మీద సరాసరి కనీసం 48 రావాలి. మొత్తం సమయం గరిష్ఠంగా 120/48 = 2.5 గంటలు, ఒక గంట అయిపోయింది. 90ని గంటన్నరలో దాటాలి, వ ≥ 60.

3. 240 కిలోమీటర్లు. వేగం 20 పెంచితే కనీసం గంట ఆదా. వ² + 20వ − 4800 ≤ 0, (వ + 80)(వ − 60) ≤ 0, కాబట్టి 0 < వ ≤ 60.

4. వేగం 30 నుంచి 36, సమయం గంటన్నర నుంచి రెండు గంటలు. దూరం? గుణకారం కాబట్టి నేరు జత: 45 నుంచి 72 కిలోమీటర్లు.

5. అన్న, తమ్ముడు ఒకే దారిలో ఒకే ఊరికి పోయారు, ఇద్దరివీ స్థిర వేగాలే. తమ్ముడు అన్న కంటే ముందు చేరాడా? మొదటి వాక్యం: తమ్ముడి వేగం అన్న వేగం కంటే 20 శాతం ఎక్కువ. రెండో వాక్యం: తమ్ముడు అన్న కంటే 10 నిమిషాలు ఆలస్యంగా బయలుదేరాడు. చాలామంది ‘రెండూ కలిపితే చాలు’ అంటారు. అన్నకు పట్టిన సమయం స అయితే తమ్ముడికి స/1.2, అంటే 5స/6. ఆదా అయ్యేది స/6. అది 10 నిమిషాల కంటే ఎక్కువ కావాలంటే స > 60 నిమిషాలు. అన్న ప్రయాణం గంట దాటితే తమ్ముడు ముందు చేరతాడు, సరిగ్గా గంటైతే ఇద్దరూ ఒకేసారి, గంటలోపైతే అన్నే ముందు. ప్రయాణం ఎంతసేపో ఏ వాక్యమూ చెప్పలేదు కాబట్టి రెండూ కలిపినా చాలదు.